రిసీవింగ్ ఓదెలు, శంషాబాద్ బస్సు

కృష్ణానగర్‌లో ఓదెలు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. రిసీవింగ్ ఓదెలు అంటే మాత్రం పాన్‌డబ్బా ఆయన కూడా లేచి దారి చూపిస్తాడు. సినిమా కంపెనీల తరఫున విమానాశ్రయానికి వెళ్ళడం, దిగిన నటీనటుల చేతికి పూలగుత్తి ఇవ్వడం, కారెక్కించి పంపడం అతని పని. విమానాలు బేగంపేటలో దిగిన రోజుల నుంచీ ఇరవై ఆరేళ్ళుగా అదే చేస్తున్నాడు.

కారెక్కించడమే గానీ ఎక్కడం ఆ పనిలో లేదు. వెనక సీటు తారది, ముందు సీటు మేకప్‌మన్‌ది, మిగిలిన జాగా పెట్టెలది. అందుకని ఓదెలు ఫిల్మ్‌నగర్ ఆఫీసు నుంచి షేక్‌పేట మీదుగా మెహదీపట్నం దాకా ఆటోలో, అక్కణ్ణుంచి శంషాబాద్‌కు ఏసీ బస్సులో పోయేవాడు. తిరుగు ప్రయాణమూ అంతే. ఏనాడూ విమానం ఎక్కలేదు గానీ, విమానాశ్రయానికి అతను పోయొచ్చినన్నిసార్లు పైలట్లు కూడా పోయి ఉండరు.

ఒక మార్చి నెల పొద్దున ప్రొడక్షన్ మేనేజర్ మల్లికార్జున్ అతన్ని పిలిచాడు.

"ఓదెలూ, బొంబాయి నుంచి మేడమ్ వస్తున్నారు. మేడమ్‌కి ఒక కారు, మేడమ్ లగేజీకి ఒక కారు."

"మరి మద్రాసు నుంచి వెంకటాచలం సారు గుడ వస్తుండు గద?"

"ఈసారి ఆయనకి కారు లేదయ్యా. ఉన్నవి రెండే సీన్లు. క్యాబ్ చూసుకోమని చెప్పు."

"గంత పెద్దమనిషికి గట్ల ఎట్ల చెప్పాలె సార్?"

"రిసీవింగ్ నీదేగా! నువ్వే చెప్పు."

వెంకటాచలం నలభై ఏళ్ళుగా తెరమీద తండ్రి, జమీందారు, జడ్జి. పరిశ్రమంతా హైదరాబాదుకు తరలివచ్చినా ఆయన మాత్రం మద్రాసులోనే ఉండిపోయాడు. ఆయన్ని మొదటిసారి బేగంపేటలో కారెక్కించింది ఓదెలే. ఆ రోజు ఆయన కోసం మూడు కంపెనీల కార్లు వచ్చి, ఎవరిది ఎక్కాలన్నదానిమీద డ్రైవర్ల మధ్య తగువైంది.

శంషాబాద్‌లో మేడమ్ దిగింది, పూలగుత్తి తీసుకుంది, రెండు కార్లూ వెళ్ళిపోయాయి. అంతకుముందే ఓదెలు ఆ గుత్తిలోంచి రెండు గులాబీలు తీసి జేబులో పెట్టుకున్నాడు. పావుగంటకు వెంకటాచలం బయటికి రాగానే వాటిని ఆయన చేతిలో పెట్టాడు.

"ఏంటి ఓదెలూ, పూలు తగ్గాయి?"

"ఎండలు గద సార్, దొర్కుత లేవు."

"కారెక్కడ?"

ఓదెలు గొంతు సవరించుకున్నాడు. "రింగు రోడ్డు మీద కార్లను ఆపుతున్నరట సార్. బస్సులనే ఇడుస్తున్నరట."

వెంకటాచలం ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. డైలాగులో ఎవరు తడబడుతున్నారో పట్టుకోవడం ఆయన వృత్తి. పెట్టె హ్యాండిల్ పట్టుకుని, "బస్సు ఏసీయేనా?" అని మాత్రం అడిగాడు.

బస్సులో పక్క సీట్లో దేవమ్మ ఉంది. విమానాశ్రయంలో నేల తుడిచే డ్యూటీ దిగి ఇంటికి పోతోంది. ఆయన్ని రెండుసార్లు వంగి చూసింది.

"మీరు సినిమాల జడ్జి సారు కాదు? ఎప్పుడు జూసినా ఉరిశిక్ష ఏస్తరు!"

"నా చేతిలో ఏముందమ్మా, రాసిచ్చింది చదువుతాను."

"మా ఆయనకు గుడ ఒకపాలి చదవరాదుండ్రి, సారూ. తాగుడు బంద్ జేస్తడు."

బస్సంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో తీర్పు చదవమన్నారు. వెంకటాచలం లేచి, పైనున్న కడ్డీ పట్టుకుని, దేవమ్మ భర్తకు యావజ్జీవం మంచినీళ్ళు తాగే శిక్ష వేశాడు. చప్పట్లు మోగాయి. కాలేజీ పిల్ల ఒకతె అంతా ఫోన్‌లో పట్టింది. ఆరాంఘర్ దాటేసరికి ఆయన కళ్ళు తడిగా ఉండటం ఓదెలు చూశాడు. నల్ల అద్దాల కార్లలో తిరిగినన్నాళ్ళూ ఆయన మొహం రోడ్డు మీద ఎవరికీ కనబడలేదు మరి.

తమాషా ఏమిటంటే, ఓదెలు చెప్పిన అబద్ధం నిజమైంది. రింగు రోడ్డు మీద లారీ తిరగబడి మేడమూ ఆమె పెట్టెలూ నాలుగు గంటలు ఇరుక్కుపోయారు. బస్సు దిగి ఆటోలో సెట్‌కు చేరిన వెంకటాచలం తన రెండు సీన్లూ పూర్తిచేసి భోజనానికి కూర్చున్నాకగానీ వాళ్ళు రాలేదు.

సాయంత్రానికి ఆ వీడియో లక్షల మంది చూశారు. కారు ఇవ్వని కంపెనీ 'మా నటుల నిరాడంబరత' అని దాన్నే పోస్టర్ వేసుకుంది. టీవీ వాళ్ళు అడిగితే వెంకటాచలం, "బస్సంటే నాకు మొదట్నుంచీ ఇష్టమండీ" అన్నాడు. ఆయన బస్సెక్కి అప్పటికి ముప్ఫై ఏళ్ళు.

అది చూసి ఆ సినిమా హీరోగారికీ నిరాడంబరంగా ఉండాలనిపించింది. మరుసటి వారం ఆయన కోసం శంషాబాద్‌లో విడిగా ఒక బస్సు మాట్లాడారు. ప్రయాణికులుగా కృష్ణానగర్ నుంచి నలభై మంది జూనియర్ ఆర్టిస్టులు వచ్చారు. కెమెరాలు మూడు. డ్యూటీ దిగి వచ్చిన దేవమ్మ అలవాటుగా ఎక్కబోతే సహాయ దర్శకుడు ఆపేశాడు.

"ఇది బస్సు కాదమ్మా, షూటింగ్."

హీరోగారి కారు ఖాళీగా మిగిలింది. "ఊరికే పోతోంది, ఎక్కెయ్ ఓదెలూ" అన్నాడు మల్లికార్జున్. ఓదెలు వెనక సీట్లో అంచున కూర్చున్నాడు. "ఏసీ పెంచాల్నా సార్?" అని డ్రైవర్ అడిగితే, సార్ ఎవరా అని పక్కకు చూశాడు. ఆఫీసు గేటు దగ్గర కారును చూసి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. తలుపు తెరుచుకుని ఓదెలు దిగేసరికి ఎత్తిన చెయ్యి నుదుటి మీదే ఆగిపోయింది.

"నువ్వానే!" అన్నాడు చెయ్యి దించుతూ.

వెంకటాచలానికి వరసగా మూడు సినిమాలు వచ్చాయి, మూడింటిలోనూ బస్సులో తిరిగే మంచి తాత వేషమే. ఇప్పుడు ఆయన వస్తే పెద్ద కారు వస్తుంది. ముందు సీట్లో అసిస్టెంటు కూర్చుంటాడు. మొన్న తలుపు పట్టుకుని నిలబడ్డ ఓదెలుతో ఆయన నిజంగానే బాధపడుతూ అన్నాడు:

"నీతో బస్సులో రావాలనే ఉందయ్యా. కాంట్రాక్టులో కారని రాశారు."

"కారే మంచిది సార్. బస్సుల మిమ్ముల నిలవెట్టి తీర్పులు చదివిస్తరు" అని ఓదెలు తలుపు మెల్లగా వేసి, మెహదీపట్నం బస్సు కోసం వరుసలో నిలబడ్డాడు.