ఉలవల రోడ్డుకు టైర్లు

మొన్న మదనపల్లెలో నా చిన్న కారుకు టైర్లు మార్పిద్దామని అంగడికి వెళ్లాను. షట్టరు దాటి లోపల అడుగు పెట్టగానే కొత్త రబ్బరు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. అంగడి యజమాని ఒక టైరును దొర్లించుకుంటూ తెచ్చి నా ముందు నిలబెట్టి, "ఇది ఆల్ సీజన్ మేడమ్. ఏ కాలానికైనా పనికొస్తాది" అన్నాడు. నేను వంగి, టైరు మీది గాడిలో చిటికెన వేలు పెట్టి లోతు చూశాను. ఆయన నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. యాభై దాటిన ఆడమనిషి అంగట్లో వంగి టైరులో వేలు పెట్టి చూస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. "ఏ కాలానికైనా అంటే, నీ లెక్కలో కాలాలు ఎన్నప్పా?" అని అడిగాను. ఆ ప్రశ్న నాది కాదు. ఇరవై ఏళ్లకు ముందెప్పుడో పుంగనూరులో, అచ్చం ఇలాంటి వాసన మధ్య నిలబడి డాక్టర్ వసంతమ్మ అడిగిన ప్రశ్న. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆమె ప్రశ్న మాత్రం నా నోట్లో ఉండిపోయింది.

మాది కురబలకోట. నాయన గొర్రెలు మేపేవాడు. మా ఇంట్లో నెలజీతం ఎరిగిన మొదటి మనిషిని నేనే. నర్సు చదువు ముగించి, తొంభైల చివర్లో మదనపల్లెలో వసంతమ్మగారి కాన్పుల ఆసుపత్రిలో చేరాను. ఆమె పొట్టి మనిషి, గట్టి గొంతు. కొంగు బొడ్లో దోపిందంటే పని మొదలైందని అర్థం. పొద్దున మదనపల్లె, మధ్యాహ్నం పుంగనూరు. శుక్రవారం మాత్రం పొద్దున్నే బయలుదేరి కుప్పం. అక్కడ ఒక అద్దె గదిలో చూలింతలను చూసేది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు ఆ ఒక్కరోజు కోసం వారమంతా కాచుకునేవాళ్లు. నాకు ఉద్యోగం ఇచ్చిన రోజు ఆమె చెప్పింది ఒక్కటే మాట: "మందులు మర్చిపోయినా తిడతాను గానీ ఓర్సుకుంటాను. శుక్రవారం మర్చిపోతే మాత్రం నువ్వు నాకు వొద్దు."

ఇన్ని ఊళ్లు తిరిగే డాక్టరుకు ఉన్న బండి ఏదంటే, రెండే తలుపులు, రెండే సీట్లు ఉన్న ఎర్ర స్పోర్ట్స్ కారు! బెంగుళూరులో ఆమె అన్న ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఎక్కి దిగలేక నడుము పట్టేసి, చెల్లెలికి ఇచ్చేశాడు. అది నేలకు జానెడు ఎత్తులో ఉండేది. "డాక్టరమ్మ కుర్సీ లేక నేలమీద కూసోని పోతాండాది సూడు" అని బజారులో నవ్వుకునేవాళ్లు. మొదటిసారి అందులో కూర్చున్నప్పుడు నేను దేవుళ్లందరినీ తలుచుకున్నాను. ఎదురొచ్చే లారీ చక్రం నా తల కంటే ఎత్తుగా కనబడింది. వసంతమ్మగారు మాత్రం గేరు మార్చిన ప్రతిసారీ కొత్త పెళ్లికూతురిలా మురిసిపోయేది. అంత వయసులో అంత ముచ్చట చూసి నాకు లోలోపల ఈర్ష్యగా కూడా ఉండేది.

మా పక్క ఒక అలవాటుంది. మార్గశిరం, పుష్యం వచ్చిందంటే రైతులు కోసిన ఉలవచెట్లను తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బళ్లు తొక్కితే కాయలు పగిలి ఉలవలు రాలతాయి. ఎడ్లతో తొక్కించే పని తప్పుతుంది. కొందరు బళ్లవాళ్లు తిట్టుకుంటూ పక్కగా పోతారు. వసంతమ్మగారు అలా కాదు. ఎక్కడ కుప్ప ఎత్తుగా ఉంటే కావాలని అక్కడికే తిప్పేది. "మనది వెడల్పు టైరు రత్నా, బాగా నలుగుతాది. పాపం, వాళ్లకు ఒక పూట పని తప్పుతాది" అనేది. కాయలు పటపటమని పగులుతుంటే రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు చేతులెత్తి సంతోషం చూపించేవాళ్లు. ఈమె అద్దం దించి చెయ్యి ఊపేది. ఉపకారం చేస్తున్నామని ఇద్దరికీ గర్వమే.

ఆ శుక్రవారం కూడా అలాగే చేసింది. పెద్దపంజాణి దాటాక పొద్దుటి మంచుకు తడిసిన ఉలవకట్టె రోడ్డంతా పరిచి ఉంది. వేగం తగ్గించకుండా దాని మీదికి పోనిచ్చింది. ఒక మేక అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కింది. అంతే, కింద రాలిన ఉలవగింజల మీద కారు గిర్రున తిరిగి, అడ్డంగా జారి, రోడ్డు దిగి రాళ్లకు కొట్టుకుని ఆగింది. మాకు ఏమీ కాలేదు. మేకకూ ఏమీ కాలేదు. రెండు టైర్లు మాత్రం చీలిపోయాయి. నేను బయటికి వచ్చి రోడ్డు పక్కన కూర్చుంటే, ఉలవలు పరిచిన ముసలామె చీపురు పట్టుకుని వచ్చి, "గింజలన్నీ పక్క చేని కయ్యలోకి కొట్టేస్తిరి గదమ్మా!" అని తగులుకుంది. వసంతమ్మగారు ఆమెకు క్షమాపణ చెప్పి, గడియారం చూసుకుంది. నాకు భయమేసింది ఆ చూపుకే. అప్పటికి దొరికిన టైర్లు వేయించుకుని మేము కుప్పం చేరేసరికి మధ్యాహ్నం మూడు.

గది ముందు బెంచీ ఖాళీగా ఉంది. పొద్దుటి నుంచి కాచుకున్నవాళ్లు బస్సులు తప్పుతాయని వెళ్లిపోయారు. వాళ్లలో పార్వతి అనే చిన్నవయసు చూలింత ఉందని, కాళ్లు బాగా వాచి ఉన్నాయని, తల పగిలిపోతోందని చెప్పిందని గది ఊడ్చే ఆమె చెప్పింది. వసంతమ్మగారి మొహం మారిపోయింది. మా పుస్తకంలో ఊరి పేరొక్కటే ఉంది. వెంటనే కబురు పంపించాం. కబురు చేరేలోపే ఆ పిల్లకు గుర్రపువాతం కమ్మి ఫిట్స్ వచ్చాయి. పార్వతి బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. తర్వాతి శుక్రవారం ఆమె తల్లి వచ్చి చెప్పిన మాటలో నిష్ఠూరం కూడా లేదు: "మజ్జానం దాకా కాసుకోని ఉండాము తల్లీ. మీరు ఇంక రారేమో అనుకున్యాం." ఆ మాట విని నేను గోడకు తిరిగి ఏడ్చాను. వసంతమ్మగారు ఏడవలేదు. ఆ తల్లి చెయ్యి పట్టుకుని, "నేనే ఆలస్యం చేసినానమ్మా. బండి కాదు, రోడ్డు కాదు. నేనే" అంది. తప్పును అంత నిటారుగా నిలబడి ఒప్పుకున్న పెద్దమనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

బెంగుళూరు నుంచి అన్న ఫోను చేసి, ఆ దరిద్రాన్ని అమ్మేసి జీపు కొనమన్నాడట. "బండికి ఏ రోగమూ లేదన్నా. మెత్తటి చెప్పులేసి చేలోకి తోలితే అది మాత్రం ఏం చేస్తాది?" అని ఫోను పెట్టేసింది. సరైన టైర్లు దొరికేదాకా కుప్పానికి బస్సులోనే పోవాలని తీర్మానించింది. మూడు శుక్రవారాలు మొదటి బస్సెక్కి, పలమనేరులో ఇంకో బస్సు మారి కుప్పం పోయాం. డాక్టరమ్మ కిటికీ పక్కన కూర్చుని రోడ్డును చూస్తూ చెప్పేది, నేను రాసుకునేదాన్ని. "ఈడ ఎండాకాలం తారు కరిగి అంటుకుంటాది, రాసుకో. ఈడ టమేటా లారీలు మలుపు తిరిగేటప్పుడు కాయలు రాలి రసం కారుతాది, రాసుకో. బైరెడ్డిపల్లె దాటినాక ఈ పల్లంలో వాననీళ్లు నిలబడతాయి. ఈడినుంచి ఆడిదాకా ఉలవలు." రోగిని అడిగినట్టే రోడ్డును అడిగేది. పక్కన కూర్చున్నవాళ్లు ఈమెకేమైనా అయిందా అన్నట్టు నా వైపు చూసేవాళ్లు.

ఆ కాగితం పట్టుకుని పుంగనూరులో టైర్లమ్మే రెడ్డెప్ప దగ్గరికి వెళ్లాం. ఆయన పాత టైర్లలాంటివే తెచ్చి పెట్టాడు. వెడల్పుగా, నున్నగా, చూడ్డానికి భలే ఉన్నాయి. వద్దంది. అప్పుడు ఆల్ సీజన్ అని ఇంకో రకం తీసి, దాని బొమ్మల కాగితం చూపించాడు. ఎండ, వాన, మంచు. "మంచుగడ్డల మీద మనకేం పని? నీ లెక్కలో కాలాలు ఎన్నప్పా?" అని అడిగి, నా చేతిలో కాగితం లాక్కుని చదివింది. తారు కాలం, టమేటా కాలం, వాన కాలం, ఉలవల కాలం. రెడ్డెప్ప నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. "ఇన్నేండ్ల నుంచి టైర్లు అమ్ముతాండాను. రోడ్డు రాసుకోని వచ్చినోళ్లు మీరే మొదులు" అన్నాడు.

రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. నున్నటి దానికి గాడులు తక్కువ, లోతు లేదు. నీళ్లు పక్కకు పోయే దారి లేక బండి నీళ్లపైన తేలుతుందట. రెండో దానికి నడుమ నాలుగు లోతైన కాలువలు, అంచుల వెంట సన్నటి చీలికలు. ఆ చీలికలు ఎందుకని వసంతమ్మగారు అడిగితే, రెడ్డెప్పకంటే ముందు నేను నోరు జారాను. "గొర్రె గిట్ట మాదిరే అమ్మా. గిట్ట చీలి ఉంటాది కాబట్టే అది తడిబండ మీద గూడా జారదు." అన్నాక సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరుకు గొర్రెల సంగతి చెప్పేదాన్నయ్యాను! ఆమె మాత్రం నా వైపు తిరిగి, "ఇంకోసారి చెప్పు" అంది. చెప్పాను. వంగి ఆ చీలికల్లో చిటికెన వేలు పెట్టి తడిమింది. నన్ను కూడా తడమమంది. నాయన వెంట కొండల్లో తిరిగి నేర్చుకున్నది కూడా చదువేనని నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత ఆమె సంచిలోంచి ఒక పొట్లం తీసింది. ఉలవలు! అంగట్లో సిమెంటు నేల మీద చల్లి, టైరు దొర్లకుండా పట్టుకుని బలంగా తొయ్యమంది. నున్నటి టైరు జారింది. చీలికల టైరు కూడా జారింది. రెడ్డెప్ప తల అడ్డంగా ఊపాడు. "అబద్ధం చెప్పి అమ్మలేనమ్మా. నీళ్లకు, బురదకు, టమేటా రసానికి ఇది నిలబడతాది. ఉలవల మీద యే టైరూ నిలబడదు. ఆడ బ్రేకు తొక్కగూడదు, ముందే కాలు తియ్యాల." ఆమె వంగి నాలుగు గింజలు ఏరి అరచేతిలో వేసుకుంది. "అట్లయితే అది టైరు పని కాదు. నా పని" అంది. కొత్తవి వేస్తే పరుగు తగ్గుతుందని, కొంచెం మోత వస్తుందని కూడా ఆయన దాచకుండా చెప్పాడు. "రానీ. పరుగు సూపించేది ఎవురికి?" అని నాలుగూ వేయించింది. ఆ వారం నుంచి మేము నలభై నిమిషాలు ముందుగా బయలుదేరాం. ఉలవలు కనిపిస్తే కాలు తీసి, ఎద్దుల బండిలా మెల్లగా పోయేది. నిజం చెప్పాలంటే అలా పోతేనే కాయలు బాగా నలిగేవి.

రెండేళ్ల తర్వాత తుపాను పట్టిన ఒక శుక్రవారం. చాలా బస్సులు ఆగిపోయాయి. ఇవాళ ఎవరొస్తారులే అన్నాను. "వచ్చినోళ్లు వస్తారు" అని కొంగు దోపింది. మేము కుప్పం చేరేసరికి బెంచీ మీద ఒక్కతే ఉంది. పార్వతి. మళ్లీ నిండు నెలలు, మళ్లీ కాళ్ల వాపు, రక్తపోటు మా గుండెలు ఆగేంత. ఇంజెక్షను ఇచ్చి, మదనపల్లెకు తీసుకుపోవాలి అంది డాక్టరమ్మ. ఫోను చేస్తే వచ్చే అంబులెన్సులు అప్పట్లో లేవు. కార్లో సీట్లు రెండే. నేను నా సీటులో దుప్పటి పరిచి పార్వతిని కూర్చోబెట్టాను. ఆ తర్వాత వానలో తడుస్తూ కారు చుట్టూ తిరిగి, నాలుగు టైర్లలోనూ వేలు పెట్టి బురద తీశాను. అద్దం దించి డాక్టరమ్మ అడిగింది, "ఏం రత్నా, చాలునా?"

"చాలమ్మా. బైరెడ్డిపల్లె పల్లంలో మాత్రం కాలు తియ్యండి."

"అట్లనే" అంది, పెద్దాళ్లు చెప్పిన మాట విన్నట్టు. కారు కదిలింది. టైర్లతో నీళ్లను రెండు పక్కలకూ చిమ్ముకుంటూ, గీత గీసినట్టు నేరుగా పోయింది. అది కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాను. అంత భయమూ, అంత నమ్మకమూ ఒకేసారి నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

దొరికిన బస్సు పట్టుకుని నేను ఆసుపత్రి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఎర్ర కారు వాకిట్లో బురదకొట్టుకుని నిలబడి ఉంది. లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. ఆడపిల్ల. వసంతమ్మగారు మెట్ల మీద కూర్చుని టీ తాగుతోంది. నన్ను చూసి, గ్లాసు పక్కన పెట్టి, "తొక్కలేదు రత్నా. దారిలో ఒక్కసారి గూడా బ్రేకు గట్టిగా తొక్కలేదు" అంది. అప్పుడు ఏడ్చింది. రెండేళ్ల కిందటిది కూడా కలిపి ఏడ్చింది.

మొన్న అంగట్లో ఆ టైర్లే తీసుకున్నాను, గాడి లోతు నచ్చింది కాబట్టి. అంగడాయనకు ఉలవల సంగతి చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. ఇప్పుడు నాకు ఉద్యోగం లేదు, కుప్పంలో గది లేదు. అయినా శుక్రవారం ఎక్కడికి పోవాల్సి వచ్చినా నలభై నిమిషాలు ముందే బయలుదేరతాను. ముందుగా చేరి, నా కోసం ఇంకొకరు కాచుకోకుండా, అక్కడి ఖాళీ బెంచీ మీద నేనే కూర్చుంటాను.