అడగవద్దన్న మాట

వేజర్ నది మీద మా పంటుకి ఇంజను లేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకి గాలిలో కట్టిన ఇనుప మోకు ఒకటి, దాని నుంచి పంటుకి దిగే రెండు తీగలు, అంతే. పంటును నీటికి కాస్త ఏటవాలుగా తిప్పితే చాలు, తన దారిన తాను పోతున్న నదే దాన్ని పక్కకి తోసుకుంటూ అవతలి రేవుకి చేరుస్తుంది. ఎంత తిప్పాలో తెలిసి ఉండడమే సరంగు పని. ఆల్ముట్ ష్ట్రూవె ఆ పనిని తండ్రి దగ్గర నేర్చుకుంది. తండ్రి పోయాక ఆయన చుక్కాని పట్టుకున్న చోటే చెయ్యి వేసి, ఆయన నిలబడి అరగదీసిన పలక మీదే నిలబడింది. నీళ్ళ మీద మాట చాలా దూరం పోతుందని చిన్నప్పుడే గ్రహించిన మనిషి. అందుకే తక్కువ మాట్లాడుతుంది.

రేవు పక్కనే ఇల్లు. భర్త హెన్నింగ్ కోతమిల్లులో పని చేస్తాడు. ఎప్పుడూ అతని చొక్కా నుంచి తడిసిన దేవదారు వాసన వస్తుంది. కొడుకు యోంటెకి పదహారేళ్ళు. ఇంట్లో నాలుగో మనిషి స్వేయా, హెన్నింగ్ మొదటి భార్య కూతురు. ఇరవై ఏళ్ళది. తల్లి మరో ఊళ్ళో కొత్త కాపురం పెట్టాక ఇక్కడికి వచ్చింది. రోజూ పొద్దున నది దాటి, బస్సెక్కి హామెల్న్ వెళ్ళి, ఒక కళ్ళద్దాల షాపులో పని నేర్చుకుంటోంది.

నోటీసు ఆగస్టులో వచ్చింది. ఎక్కడో పెద్ద నగరంలోని లాయర్ల ఆఫీసు నుంచి, దళసరి కవరులో, ఆల్ముట్ పేరు మీద. ఇంటర్నెట్ కనెక్షన్ ఆమె పేరునే ఉంది. ఫలానా రాత్రి మీ కనెక్షన్ మీద ఫలానా సినిమాని దొంగతనంగా డౌన్‌లోడ్ చేశారు, అదే సమయంలో ఊరూరికీ పంచారు, ఇకమీదట చేయబోమని సంతకం పెట్టండి, నష్టపరిహారం కట్టండి, గడువు ఇది. ఆ ఏళ్ళలో ఇలాంటి నోటీసులు మా వైపు ఇళ్ళకి జలుబు వచ్చినట్టు వచ్చేవి. ఒక వీధిలో ఒకరికి వచ్చిందంటే మిగతావాళ్ళు తమ పోస్టు డబ్బాని అనుమానంగా చూసేవారు.

“ఆ సినిమా పేరే నేను వినలేదు,” అన్నాడు హెన్నింగ్.

“నేనూ వినలేదు.”

“అయితే పారెయ్.”

“పారేస్తే కోర్టుకి లాగుతారట. రొట్టెల కొట్టువాళ్ళు అలాగే పారేశారు, ఇప్పుడు రెండింతలు కడుతున్నారు.”

ఆల్ముట్ వకీలు లామ్మెర్స్ దగ్గరికి వెళ్ళింది. మందుల షాపు పైన ఆయన గది. ఇలాంటి నోటీసులు ఆయన బల్ల మీద ఒక దొంతరగా ఉన్నాయి. ఆమెది తీసుకుని చదవకుండానే దాని మీద పెట్టాడు.

“ఇంట్లో ఎంతమందమ్మా?”

“నలుగురమండి.”

“ఎవరు చేశారో తెలుసా?”

“తెలియదండి.”

“మంచిది. అలాగే ఉండండి.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇల్లంతా అడుగుతూ తిరక్కండి. మీకు తెలియదంటే, ఈ నలుగురిలో ఎవరైనా కావచ్చు అని రాస్తాం. అప్పుడు వాళ్ళు పెద్దగా చేయగలిగింది ఉండదు. తెలిసిందో, పేరు చెప్పాలి. చెప్పకపోతే మీరే కట్టాలి.”

“ఒక ఇంట్లో ఉండి అడక్కుండా ఎలా ఉంటారండీ?”

“ఉంటారమ్మా. ఈ దొంతరలో వాళ్ళంతా ఉంటున్నారు. ఇంటికెళ్ళి హాయిగా కేకు తినండి.”

ఆదివారం మధ్యాహ్నం పెరట్లో బల్ల వేసి, కాఫీ పోసి, ఆల్ముట్ ప్లమ్ కేకు కోసింది. కందిరీగల కాలం. ఊదారంగు పళ్ళ మీద చక్కెర కరిగి మెరుస్తోంటే అవి ఎండలోంచి ఊడిపడిన నిప్పురవ్వల్లా వాలుతున్నాయి. అడక్కూడదు అనే మాట నాలుగు రోజులుగా ఆమె గొంతులో గింజలా ఉంది. మింగుదామంటే దిగలేదు.

“ఆ నోటీసు సంగతి. ఎవరు చేశారు?”

ఆమె నోరు బల్ల చుట్టూ ఉన్న అందరినీ అడిగింది. ఆమె చూపు మాత్రం స్వేయా దగ్గరికి వెళ్ళి ఆగింది. మాటకంటే చూపే ముందు వెళ్ళింది.

స్వేయా ఫోర్కు పళ్ళెం మీద పెట్టింది. “అందర్నీ అడుగుతున్నావా, నన్ను అడుగుతున్నావా?”

“అందర్నీ.”

“ఆ సంగతి నీ కళ్ళకి కూడా చెప్పు మరి. పొద్దస్తమానం జనం కళ్ళు చూసే ఉద్యోగం నాది. ఏ కన్ను ఎటు పోతోందో నాకు తెలుస్తుంది.”

“మొదలెట్టారూ,” అన్నాడు హెన్నింగ్. “కేకు మీద కందిరీగలున్నాయి. చూసుకుని తినండి.”

“నేనైతే కాదు,” అన్నాడు యోంటె. ఆ మాట వాడు గాజుగ్లాసు బోర్లించి పట్టిన ఒక కందిరీగతో అన్నాడు. స్వేయా తన పళ్ళెం కడిగిపెట్టి, సైకిలెక్కి ఎటో వెళ్ళిపోయింది.

రెండు రోజులు పోయాక, సాయంత్రం ఆఖరి దాటింపు. అవతల జనాన్ని దించేసి ఖాళీ పంటుతో వెనక్కి వస్తున్నారు. మోకుల పని చూడడానికి బడి అయ్యాక యోంటె వస్తుంటాడు. నది మధ్యకి వచ్చేసరికి వాడు తల్లి పక్కన నిలబడ్డాడు.

“అమ్మా.”

“ఊఁ.”

“అది నేనే.”

ఆల్ముట్ చెయ్యి చుక్కాని మీద సడలింది. పంటు నీటికి తిన్నగా తిరిగి, తోసేవాళ్ళు లేని ఊయలలా నది మధ్య ఆగిపోయింది.

“రాత్రి పెట్టి పడుకున్నా. పొద్దునకి వచ్చేసింది. అది వేరేవాళ్ళకి కూడా పంచుతుందని నాకు తెలీదమ్మా, నిజంగా. సినిమా కూడా చెత్తగా ఉంది.”

“అక్కకి చెప్పావా?”

“లేదు.”

“నాన్నకి?”

“లేదు. కానీ నువ్వు అక్కని అనుకుంటున్నావు కదా, అందుకే…”

“ఎవరికీ చెప్పకు.”

“అమ్మా…”

“ఎవరికీ చెప్పకు అన్నాను.”

పంటును మళ్ళీ వాలుగా తిప్పింది. రేవు చేరేలోపు చాలా ఆలోచించింది అనడం తప్పు. ఆ మాట ఆలోచించకుండానే వచ్చింది. చెయ్యి వేడికి వెనక్కి లాక్కున్నట్టు. ఆ తర్వాతే, కట్టుకొయ్యకి మోకు చుడుతూ, తన లోపల చూసుకుంది. ఆదివారం నాడు తాను స్వేయాని అనుమానించడమే కాదు, స్వేయానే అయితే బాగుండునని కోరుకుంది. వాడు “నేనే” అన్నప్పుడు గుండెలో పడినది కోపం కాదు, నిరాశ. ఆ ముక్క తెలిశాక ఆమెకి ఇంట్లోకి వెళ్ళబుద్ధి కాలేదు. నీళ్ళు చీకటి పడేదాకా బూడిదరంగులో కదులుతూనే ఉన్నాయి.

వకీలుకి చెప్పలేదు. ఆయన తయారుచేసిన జవాబు వచ్చింది. ఈ కనెక్షన్ వాడుకునే వీలు నా భర్తకు, నా భర్త కూతురికి, నా కుమారుడికి ఉన్నది. ఎవరు చేశారో నాకు తెలియదు. ఆల్ముట్ సంతకం పెట్టింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, చక్కగా వచ్చాయి. అది చూసే ఆమెకి భయం వేసింది.

సెప్టెంబరంతా ఆమె స్వేయాకి సేవ చేసింది. పొద్దున్నే రొట్టెల మధ్య ఆ పిల్లకి ఇష్టమైన పొగబెట్టిన చేప పెట్టి కట్టిచ్చేది. అడక్కుండానే సైకిలు గొలుసుకి నూనె వేసింది. గది కిటికీ సందులో దూరే చలిగాలికి పట్టీ అతికించింది.

“ఏంటి ఇదంతా?” అంది స్వేయా. “నాకేమైనా జబ్బని డాక్టరు నీకు చెప్పాడా?”

“చలికాలం వస్తోందిగా.”

“ప్రతి ఏడూ వస్తుంది.”

ఆవుల వీలాండ్ రోజూ రెండుసార్లు నది దాటుతాడు; అతని మేతబీళ్ళు రెండు ఒడ్డుల మీదా ఉన్నాయి. అతను కూడా కనిపెట్టాడు. “ఏమమ్మా సరంగూ, నీ మొహం చూస్తే నది ఎండిపోయినట్టుంది.”

“ఎండితే నీకే లాభం బాబాయ్. టికెట్ డబ్బులు మిగుల్తాయి.”

“మిగిలి ఏం చేసుకోను? నడిచి దాటితే నిన్ను ఏడిపించేదెప్పుడు?”

ఆమె నవ్వింది. అతను దిగి ఆవుల వెనక వెళ్ళాక, ఆ నవ్వు ఇంకా మొహం మీదే మరిచిపోయి ఉందని తెలిసి తుడిచేసుకుంది.

అక్టోబరు చివర ఒక పొద్దున పొగమంచు నది మీద పాలమీగడలా కట్టింది. రేవు నుంచి చూస్తే మోకు నాలుగు బారలు వెళ్ళి తెల్లదనంలో కరిగిపోతోంది. పంటు మీద ఇద్దరే ఉన్నారు, ఆల్ముట్, స్వేయా. స్వేయా సంచీలోంచి దళసరి కవరు తీసింది.

“నా పేరు మీద వచ్చింది నిన్న. పిల్లల్లో మైనారిటీ తీరినదాన్నీ, సంపాదిస్తున్నదాన్నీ నేనే కదా, నన్ను పట్టుకున్నారు.”

“లామ్మెర్స్‌తో మాట్లాడతాను. అలా అందరికీ రాసి చూస్తారట, ఏం కాదట.”

“ఏం కాదు సరే. వసంతంలో నా పరీక్ష. ఆ షాపులో నన్ను ఉంచుకుంటారా లేదా అని ఈ నెలే తేలుస్తారు. మా యజమానురాలికి వద్దనడానికి ఒక కవరు చాలు.” గొంతు పెంచలేదు. “అందరి పేర్లూ రాశావని నాన్న చెప్పాడు. దాని గురించి కాదు నేను అడిగేది. నేను కాదని నీకు తెలుసా?”

చుట్టూ ఒడ్డులు లేవు. నీటి చప్పుడు మాత్రం ఉంది. తెలియదు అన్న మాట సంతకంతో సహా సిద్ధంగా ఉంది. ఇంకొక్కసారి అంటే చాలు.

“తెలుసు,” అంది ఆల్ముట్.

“ఎప్పట్నుంచి?”

“ఆ ఆదివారం అయిన రెండోనాటి నుంచి.”

స్వేయా కవరుని మడతపెట్టింది, మళ్ళీ విప్పింది. “వాణ్ణి నేను ఒక్కసారి కూడా అడగలేదు ఆల్ముట్. ఎందుకో తెలుసా? అడిగితే వాడు చెప్పేస్తాడు. చెప్పేస్తే నువ్వేం చేస్తావో నేను చూడాల్సి వస్తుంది. ఇప్పుడు చూశాను.”

పంటు రేవుని తాకింది. ఆ పిల్ల దిగి, బస్సు ఆగే చోటికి పొగమంచులో నడిచి వెళ్ళింది. ఆల్ముట్‌కి ఆమె అడుగులు చాలాసేపు వినిపించాయి.

ఆ సాయంత్రం హెన్నింగ్‌కి చెప్పింది. అతను చేతులకంటిన రంపపుపొట్టు దులుపుకుంటూ విన్నాడు. “నాకు ముందే చెప్పాల్సింది,” అన్నాడు. “అది నా కూతురు.” ఆ రెండు మాటలే. భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. పైన యోంటె అక్క గది తలుపు తట్టాడు. వాడు ఏడుస్తూ చెప్పింది కింద వినపడలేదు. స్వేయా అన్నది వినిపించింది. “చెత్త సినిమా కోసంరా, ఒరేయ్. దొంగతనం చేస్తే చేశావు, కనీసం మంచిది ఎంచుకోవద్దూ?”

మర్నాడు ఆల్ముట్ వకీలు ముందు కూర్చుంది. ఆయన అంతా విని నుదురు రుద్దుకున్నాడు.

“అడగొద్దన్నానమ్మా.”

“అన్నారు.”

“సరే. అబ్బాయి మైనరు. ఒక దారుంది. ఇలాంటి పని చెయ్యకూడదని మీరు వాడికి ముందే గట్టిగా చెప్పి ఉంటే, చట్టం ప్రకారం మీ బాధ్యత తీరినట్టే. చెప్పారు కదా?”

ఆల్ముట్ బల్ల మీది నోటీసుల దొంతర వైపు చూసింది.

“మామూలుగా తల్లులు చెప్తూనే ఉంటారు. గుర్తు తెచ్చుకోండి.”

“గుర్తుందండి. వాడికి చెప్పలేదు.” ఆమె తన చేతుల్ని చూసుకుంది. “స్వేయాకి చెప్పాను. ఆ పిల్ల వచ్చిన రోజునే, పాస్‌వర్డు చీటీ మీద రాసిస్తూ, మా ఇంట్లో ఇలాంటి దొంగ సినిమాలు అవీ కుదరవు అని. పెట్టె కూడా ఇంకా విప్పుకోలేదు తను. యోంటె పక్కనే ఉన్నాడు. వాడికి చెప్పాలని నాకు తోచలేదు.”

లామ్మెర్స్ కలం కింద పెట్టాడు. “అది రాస్తే మొత్తం మీ మీదే పడుతుంది. మొదటి కాగితంలో తెలియదని సంతకం కూడా పెట్టారు. దానికి విడిగా ఖర్చవుతుంది.”

“రాయండి. కాదు, నేనే రాస్తాను. మీరు చూసి సరిచెయ్యండి.”

వంటింటి బల్ల మీద రాసింది. చించేసి మళ్ళీ రాసింది. పూర్తయ్యాక స్వేయా ముందు పెట్టింది. స్వేయా నిలబడే చదివింది, కళ్ళు సన్నంగా చేసి, షాపులో అద్దాల మీద గీతలు వెతికేటప్పటిలా.

“ఇక్కడ ‘నా భర్త కూతురిని హెచ్చరించాను, నా కుమారుడిని హెచ్చరించలేదు’ అని ఉంది.”

“ఊఁ.”

“నా భర్త కూతురు.”

“కాగితాల్లో అలాగే రాయాలని లామ్మెర్స్ అన్నాడు. మార్చమంటావా?”

“వద్దు, ఉండనీ. నిజమే రాస్తున్నావుగా.”

మంచు విడిచిన పొద్దున అది. ఇద్దరూ పంటు మీద ఉన్నారు. నీళ్ళలో ఎర్రటి బీచ్ ఆకులు గుంపులుగా పోతున్నాయి. ఆ ఉత్తరం పెట్టిన కవరు ఆల్ముట్ కోటు జేబులో ఉంది. అవతలి ఊళ్ళోని పోస్టాఫీసుకి మధ్యాహ్నం వెళ్దామనుకుంది. రేవు దగ్గరపడుతుండగా స్వేయా చెయ్యి చాపింది.

“ఇలా ఇవ్వు. షాపుకి పోతూ నేనే వేస్తాను.”

“నేను వెళ్తానులే, నీకు బస్సుకి…”

“ఇవ్వు ఆల్ముట్.”

ఇచ్చింది. స్వేయా దాన్ని సంచీ లోపలి అరలో పెట్టి, జిప్పు లాగి, దిగి వెళ్ళింది. తన మీద నమ్మకం లేక తీసుకుందో, తనకి ఒక్క పనైనా తగ్గిద్దామని తీసుకుందో ఆల్ముట్‌కి తెలియలేదు. ఆ ఒడ్డున ఎవరూ లేకపోయినా పంటుని కాసేపు అక్కడే ఉంచింది. అడగాలని మాత్రం అనిపించలేదు. ఆ మాట స్వేయా చెప్పాలనుకుంటే చెబుతుంది. చెప్పకుండా ఉంచుకోవడానికి ఆ పిల్లకి హక్కుంది.