మా ఆవిడ హలో

మా మామయ్యను ఆఫీసులో అందరూ కాపీ మామయ్య అంటారు. పాత రికార్డింగులను కంప్యూటర్లో దాచే ఆఫీసు అది. నేనూ అక్కడే పనిచేస్తాను. కుప్పలకొద్దీ ఫైళ్ల పేర్లు ఒకేసారి మార్చాలంటే చిన్న స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కు ఆదేశాలు, రాస్తాం. ఎవరు రాస్తున్నా ఈయన వెనకాల ప్రత్యక్షం.

"ముందు కాపీ తియ్యి. ఏ పేరు ఏమవుతుందో తెర మీద చూపించమను. చూశాకే మార్చు."

విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి.

అత్తకు గొంతు ఆపరేషన్ తప్పదన్నారు. మాట పోతుందన్నారు. మామయ్య ముందుగానే ఆవిడ వెంటపడి మాటలన్నీ ఫోన్లో రికార్డు చేశాడు. బటన్లున్న చిన్న డబ్బా ఒకటి కొన్నాడు. బటన్ నొక్కితే అత్త గొంతే పలుకుతుంది. భార్యను ఏనాడూ పేరు పెట్టి పిలవని మనిషి కదా, ఫైళ్లకూ అలాగే పేర్లు పెట్టాడు: మా ఆవిడ ఆకలి, మా ఆవిడ తిట్లు, మా ఆవిడ నవ్వు. మైకు పరీక్షించినప్పటిది మా ఆవిడ హలో.

అత్త ఇంటికొచ్చిన రోజు డబ్బా మొరాయించింది. పేర్లలో ఖాళీలుంటే దానికి పడదట. అత్త మంచం మీంచి దానికోసం చెయ్యి చాపింది. "ఒక్క నిమిషమోయ్" అంటూ మామయ్య గబగబా స్క్రిప్టు రాశాడు. ఖాళీ ఉన్నచోట గీత పెట్టమనబోయి, ఖాళీ దగ్గర్నుంచి కోసెయ్యమని రాశాడు. కాపీ తియ్యలేదు. తెర మీద చూడలేదు. లోకమంతటికీ చెప్పే పెద్దమనిషి! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

ప్రతి ఫైలు పేరులోనూ ఆవిడ పోయి "మా" మిగిలింది. పేరు ఒకటే కావడంతో, వచ్చిన ప్రతి "మా" ముందున్న "మా"ను చెరిపేసింది.

"అమ్మాయ్, ఒకసారి రావే" అని ఫోన్ చేశాడు. వెళ్లి స్క్రిప్టు చదివాను. తప్పు వెంటనే దొరికింది, దొరికి ఏం లాభం?

"ఫోన్లో లేవా మామయ్యా?"

"నిండిపోయిందని తీసేశానే."

పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాములన్నీ ప్రయోగించాను. ఒక్కటీ తిరిగి రాలేదు. నాకు ఏడుపొచ్చింది. అక్షరాల వరుసలో ఫైళ్లన్నిటికీ చివరిది కాబట్టి హలో ఒక్కటే బతికింది. కాపీ తీసి, దాన్ని మొదటి బటన్‌కు తగిలించాను.

అత్త ఆ బటన్ నొక్కింది. తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటే నొక్కింది. మా ఇద్దరి మొహాలూ చూసింది.

ఇప్పుడు ఆకలేసినా, నొప్పి పుట్టినా, మొగుడి మీద కోపమొచ్చినా అత్తకు అదే దిక్కు.

"హలో... ఏమండీ, వినబడుతోందా? మాట్లాడరేం?"

మామయ్య ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు. "వినబడుతోందోయ్" అంటాడు. ఆ పైన ఆయనకూ మాట రాదు.