నూరు డోసుల సీసా

పశువుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా టీకాలు వేస్తున్న ఆయన్ని అందరూ సూది బాబాయి అంటారు. అన్నం తినని పిల్లల్ని ఆ పేరు చెప్పి భయపెడతారు గానీ, ఆయనంత తేలికచెయ్యి ఇంకెవరికీ లేదు. సూది దిగి బయటికొచ్చినా గొర్రె మేత నములుతూనే ఉంటుంది. ఆయనకున్న రోగమల్లా ఒకటే, ఏదీ వృథా కానివ్వడు. దూది ముక్క పారేయాలన్నా రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఆ వేసవి చివర్లో డాక్టరమ్మ ఒక కాగితం చదివి వినిపించింది. ఎక్కడో వేల మైళ్ల అవతల సముద్రం వేడెక్కిందట. అందుకని ఇక్కడ వానలు దంచి కొడతాయట. ఆ బురదలో కంటికి ఆననంత చిన్న ఈగలు పుడతాయి, అవి కుడితే గొర్రెలకి నీలి నాలుక జబ్బు వస్తుంది. ఈ సంగతి సూది బాబాయికి ఏ కాగితమూ చెప్పక్కర్లేదు. ఏడేళ్ల కిందట ఆ సముద్రం ఇలాగే వేడెక్కినప్పుడు గొర్రెలు నోరు వాచి, మేత ముందుండగానే ఆకలితో చచ్చాయి. ఆయన సొంత అక్క మందలో ముప్పాతిక పోయింది. మళ్లీ నలభైకి తెచ్చుకోడానికి ఆవిడకి ఇన్నేళ్లూ పట్టింది.

"టీకా వేశాక మూడు వారాలకి గానీ పనిచెయ్యదు. వానలకి ఇంకా నెల ఉంది, త్వరగా కానివ్వండి," అంటూ డాక్టరమ్మ ఆయన వాటా సీసా చేతిలో పెట్టింది. ఒక్కటే సీసా.

అందులో వంద డోసులు. మూత తీస్తే ఆ పూటే వాడెయ్యాలి. మిగిలింది పారబోసి, ఎందుకు పారబోశారో రాసివ్వాలి. అక్కవి నలభై. మిగతా అరవై గడ్డం మామవి, అవేమో ఎగువ మేతకి వెళ్లాయి.

"మా వాటికి వేసెయ్యరా తమ్ముడూ," అంది అక్క. "మామ సంగతి మామ చూసుకుంటాడు."

"అరవై డోసులు మట్టిలో పొయ్యమంటావా? పది రోజుల్లో దిగొస్తాడు. కంగారుపడకు."

"నువ్వుండగా నాకేం కంగారు?" అని నవ్వి, అక్క బొట్టుపిల్ల వీపు నిమిరింది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న గొర్రె అది. కడుపుతో ఉంది.

పదోరోజుకి మామ రాలేదు. ఫోన్ చేస్తే, "దారిలోనే ఉన్నా అల్లుడూ," అన్నాడు. వెనకాల గొర్రెలు తీరిగ్గా గడ్డి పీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సూది బాబాయి రోజూ పొద్దున్నే ఆఫీసు ఫ్రిజ్ తెరిచి, సీసా చూసుకుని, మళ్లీ మూసేవాడు.

పద్నాలుగో రోజున వాన మొదలైంది. నెల గడువన్న వాన సగానికే వచ్చిపడింది. తొమ్మిది రోజులు తెరిపివ్వలేదు. దారి తెగి మామ ఎగువనే చిక్కుకుపోయాడు.

మోకాలిలోతు బురద దాటుకుని ఆయన అక్క దొడ్డికి చేరేసరికి ఆరు గొర్రెలు కుంటుతున్నాయి. బొట్టుపిల్ల మూతి వాచి చొంగ కారుస్తోంది. ఏముంటుందో తెలిసే దాని నోరు తెరిచి చూశాడు. నాలుక నేరేడుపండు రంగులో ఉంది. జ్వరానికి ఓ సూది, పుండ్లకి ఉప్పునీళ్లు, పట్టించడానికి గంజి, అంతకుమించి ఆయన చెయ్యగలిగిందేమీ లేదు.

"సీసా తెచ్చావుగా, బాగున్నవాటికైనా వెయ్యి," అంది అక్క.

"ఇప్పుడు వేసి లాభం లేదక్కా. మూడు వారాలు పడుతుంది. ఈలోపు ఈగలు..."

"వెయ్యరా."

వేశాడు. అక్క ఒక్కొక్కదాన్నీ మోకాళ్ల మధ్య ఇరికించుకుని పట్టుకుంది. ముప్పై నాలుగూ అరిచాయి. ఆయన చేతిలో గొర్రె అరవడం ఆ రోజే మొదలు.

అక్క చేతులు చీరకి తుడుచుకుని, సగానికి పైగా నిండుగా ఉన్న సీసా వైపు చూసింది.

"మిగిలింది ఏం చేస్తావు?"

"పారబొయ్యాలి."

"అదేదో ఆ రోజే పారబోసి ఉంటే సరిపోయేది కదరా," అంది అక్క.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా ఆయనకి కాస్త బాగుండేది.