తీసి చూద్దాం సారు

ఆ ఆఫీసులో తీసిచూద్దాం సారుకి ఒక్కటే జబ్బు. ఏదైనా పనిచేస్తోందంటే, దాన్ని ఒకసారి తీసి చూస్తేగాని నమ్మరు.

ఆయన ఉద్యోగం జావా ప్రోగ్రాముల్లో ఇంటర్‌సెప్టర్లను, అంటే కాపలా కోడును, పరీక్షించడం. ఏ పనికి కాపలా కావాలో దాని నెత్తిన యానొటేషన్ అనే చీటీ తగిలిస్తే, ఫ్రేమ్‌వర్క్ అది చూసి కాపలాను నిలబెడుతుంది. పక్కబల్ల అమ్మాయి రాసిన టెస్టు పచ్చగా పాసవగానే ఆయన కుర్చీ జరుపుకుని వచ్చేవారు.

“ఏదీ, చీటీ తీసి చూద్దాం. చూశావా, ఎర్రబడి ఫెయిలవాల్సింది, కాపలా లేకపోయినా పచ్చగానే ఉంది! నీ టెస్టు గుర్రుపెట్టి నిద్రపోతోందమ్మా.”

“మళ్లీ రాస్తాను సార్,” అనేది ఆమె, పళ్లు నూరుకుంటూ.

ఒకసారి కుర్చీ కాలి కింద పెట్టిన అట్టముక్క తీసి చూశారు. కుర్చీలో మేనేజరు ఉన్నాడు. “అట్ట పనిచేస్తోంది సార్,” అన్నారు కిందపడ్డ మేనేజర్ని లేవదీస్తూ. ఇంట్లోనూ అంతే. “కళ్లజోడు తీసి చూద్దామని గడప తన్నుకున్నారు. కళ్లజోడు పనిచేస్తోందట, బొటనవేలే పనిచేయడం లేదు,” అని ఆయన భార్య ఫోన్లో సెలవు అడిగింది.

పక్కబల్ల అమ్మాయికి ఇంకో పని కూడా ఉంది. అందరి కోడూ ముందే చదివి, మరిచిపోయిన చీటీలు గుట్టుగా తగిలించేది. అందుకే ఆ పని ఎవరి కంటా పడలేదు.

“ఆ అమ్మాయి రోజంతా ఏం చేస్తుందండీ? వచ్చే నెల నుంచి వద్దందామా?” అన్నాడు మేనేజరు.

“తీసి చూద్దాం సార్!” అన్నారీయన హుషారుగా. తలుపు అవతల ఉన్న ఆమె చెవిన ఆ మాట పడింది.

ఆయన నేరుగా ఆమె దగ్గరికే వచ్చారు. “మూడు రోజులు సెలవు పెట్టమ్మా. ఫోను ఎత్తకు.”

“నన్ను పంపించడానికి అంత తొందరా సార్?”

“పెట్టమ్మా!”

మొదటి రోజు ఏమీ కాలేదు. ఆయన గోళ్లు కొరుక్కున్నారు. రెండో రోజు ఎవరో చీటీ మరిచిన కోడు లోపలికొచ్చి, నలభై టెస్టులు ఎర్రబడ్డాయి. “ఎవరైనా చూడండయ్యా!” అని మేనేజరు లబలబలాడాడు. చిటికెలో బాగుచేయగల తీసిచూద్దాం సారేమో చేతులు కట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు మేనేజరు ఆమెకి పదకొండుసార్లు ఫోను చేశాడు. పన్నెండోసారికి ఆమె ఎత్తింది.

“వచ్చెయ్యమ్మా! సారు తీసి చూద్దామన్నారు, చూశాం, చాలు. నువ్వెక్కడికీ వెళ్లొద్దు.”

ఆమెకి అప్పుడు అర్థమైంది. మర్నాడు వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

“సార్, నేను లేకపోయినా అన్నీ పచ్చగానే ఉండుంటే?”

ఆయన స్క్రీను మీంచి తల తిప్పలేదు.

“అప్పుడు నా టెస్టే తప్పమ్మా. మళ్లీ రాసేవాణ్ణి.”