చావమంటే చావని తీగ

మనవరాలు చిన్ని మెడకు రెండు పక్కలా గడ్డలు తేలినప్పుడు భాగీరథమ్మ డాక్టర్లను నమ్మలేదు, అమృతబళ్ళిని, అదే తిప్పతీగను, నమ్మింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి ఆకుకూరలు అమ్మిన మనిషి. ఏ ఆకు దేనికో ఆమెకు ఒకరు చెప్పాలా? చందాపురలో తమ ఇంటి కిటికీకి పాకిన ఆ తీగను రోజూ కాస్త కోసి, కషాయం కాచి, కోడలు దివ్యకు తెలియకుండా పిల్ల రాగి గంజిలో కలిపేది.

గడ్డలు తగ్గకపోగా కడుపులో ప్లీహం ఉబ్బింది. రక్తం తగ్గి పిల్ల పాలిపోయింది.

దివ్య పట్టుబట్టి పిల్లనూ అత్తనూ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ చూసి డాక్టర్ అచ్యుత్ చెప్పాడు. "జ్వరం వస్తే ఒంట్లో కాపలా కణాలు పెరుగుతాయి అజ్జీ. పనయ్యాక వాటికి 'ఇక చాలు' అని సంకేతం అందాలి. అందుకోడానికి కణం మీద కొక్కెం లాంటిది ఉంటుంది. సంకేతం దానికి తగులుకోగానే కణం తనను తానే ముక్కలు చేసుకుని చచ్చిపోతుంది. చిన్నికి పుట్టుకతోనే ఆ కొక్కెం వంకర. అందుకే అవి చావక, గుంపు కట్టి, పిల్ల రక్తాన్నే తింటున్నాయి."

"థూ! పనైనాక పోవాలనే బుద్ధి ఉండొద్దా? కూలోళ్ళే నయం, పొద్దు గుంకితే ఇంటికి పోతారు."

"ఇంట్లో ఇంకేమైనా మందు ఇస్తున్నారా?"

"లేదు సార్," అంది దివ్య.

భాగీరథమ్మకు ఒళ్ళు మండింది. తాను పడ్డ పాటంతా లేనట్టేనా?

"ఎందుకు లేదు? నేనిస్తా ఉండా, అమృతబళ్ళి! ఒంట్లో కాపలా పెంచుతాదప్పా!"

"పెరగకూడనివి అవే కదా అజ్జీ! వాటిని అణిచే మాత్ర నేనిస్తాను. మీరు కషాయం ఆపండి."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దివ్య పిల్లను ఒళ్ళోకి లాక్కుని బయటికి చూస్తూ కూర్చుంది.

"తిట్టేదుంటే తిట్టు. మూతి బిగించుకోని కూర్చోవద్దు."

"ఇంక చిన్నికి గంజి నేనే కాస్తానత్తా."

ఆ మాట చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. ఇల్లు చేరగానే ఆమె కొడవలి తీసి తీగను మొదట్లో నరికింది.

మాత్ర మొదలయ్యాక గడ్డలు మెల్లగా మెత్తబడ్డాయి. పాలిపోయిన పిల్ల ముఖంలోకి మళ్ళీ ఎరుపు తిరిగొచ్చింది. గంజి గిన్నె మాత్రం అత్త చేతికి రాలేదు.

ఒక పొద్దున కిటికీ చూసి భాగీరథమ్మ నిర్ఘాంతపోయింది. నరికిన తీగ ఎండలేదు. పైనుంచే దారాల్లాంటి వేర్లు కిందికి దించి, మట్టిని పట్టుకుని, కొత్త ఆకు వేసింది.

"చావమంటే నీకూ చెవికెక్కలేదా, ముదనష్టపుదానా!" అంటూ పీకసాగింది. పై చువ్వలు అందలేదు. "దివ్యా, రావే! ఈ పీడ నా ఒక్కదానితో వదిలేది కాదు."

దివ్య వంటింట్లోంచి వచ్చింది. తీగను చూసింది, ఆకుపసరు అంటిన అత్త చేతులను చూసింది.

"చేతులు కడుక్కోని గంజి కలపండత్తా, అడుగంటుతా ఉండాది," అంటూ గరిటె ఆమెకిచ్చి, పై చువ్వల తీగను పీకడానికి తాను కుర్చీ ఎక్కింది.