గంట కొట్టొద్దన్నది నేనే

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, నాలుగు మాటలు. తల్లికి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్తున్నాను. పేరు రాయను. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

ఇప్పుడు నేను కుప్పంలో ఒక బడిలో వ్యాయామం టీచర్ని. అప్పుడు, తొంభైల మధ్యలో, మాది పుంగనూరు. నాన్నకు బట్టల అంగడి. వ్యాయామ శిక్షణలో చేరాలంటే మదనపల్లెలో జరిగే పరుగు పరీక్ష నెగ్గాలి. వయసొచ్చిన పిల్ల తెల్లారేసరికి బయట పడి పరిగెత్తడమేమిటని నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. అన్న తోడు రావాలి, ఎవరి నోటా ఒక్క మాట పడకూడదు. పడిన రోజున పరుగు బంద్.

ఊరి బయట మల్బరీ తోటల మధ్య మట్టిబాటలో పరిగెత్తేదాన్ని. అన్న రోడ్డు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడేవాడు. నేను బాట చివరిదాకా పోయి తిరిగొచ్చేదాన్ని. పోలీసు సెలెక్షన్లకు పరిగెత్తే కుర్రాళ్ళు, షుగరొచ్చి నడిచే పెద్దవాళ్ళు, పట్టుపురుగుల షెడ్లకు ఆకు మోసే సైకిళ్ళు, అందరికీ అదే బాట. ఎవరూ రాసిపెట్టకపోయినా కొన్ని పద్ధతులుండేవి. వెనకనుంచి వచ్చే సైకిలువాడు గంట కొట్టాలి. ముందున్నవాళ్ళు ఎడమకు తప్పుకోవాలి. నిలబడాలనుకుంటే ముందు పక్కకు జరిగి, ఆ తర్వాతే నిలబడాలి.

ఆకు మోసేవాళ్ళలో ఒకాయన, మునెప్ప, రోజూ నా వేళకే వచ్చేవాడు. నలభై ఐదేళ్ళుంటాయి. సైకిలు వెనక ఆకుమోపు రెండు పక్కలా పొడుచుకుని ఉండేది. నేను గట్టెక్కి నిలబడితే తప్ప దాటలేడు. గంట వినగానే ఉలిక్కిపడేదాన్ని, అడుగు తప్పేది, టైము చెడిపోయేది. ఒకరోజు నేనే ఆగి అడిగాను. గంట కొట్టొద్దప్పా, కాలవ మీది మోరీ దగ్గర బాట వెడల్పుగా ఉంటుంది, అక్కడ నేనే తప్పుకుంటాను, అంతదాకా నా వెనకాలే మెల్లగా రా అన్నాను. ఆయన సరేనన్నాడు. ఆకు వాడిపోకముందే షెడ్డుకు చేర్చాల్సిన మనిషి, నాకోసం ఆలస్యానికి ఒప్పుకున్నాడు. నాలుగు నెలలు ఆ మాట తప్పలేదు. అన్నకు మాత్రం ఈ సంగతి నేను చెప్పలేదు. పరాయి మగవాడితో నీకు మాటలేమిటంటాడని భయం.

ఇక నా బుద్ధి సంగతి. నా వెనక ఒక మగవాడు. గంట లేదు, మాట లేదు, ఆకుల గరగర తప్ప. నేను అడిగితేనే అలా వస్తున్నాడని తెలుసు. తెలిసి కూడా అనుమానం మొదలైంది. సరిగ్గా నా వేళకే ఎందుకొస్తాడు? వెనకనుంచి ఎటు చూస్తుంటాడు? చున్నీ నడుముకు బిగించి కట్టుకోవడం మొదలుపెట్టాను. తేల్చుకుందామని ఒకరోజు కావాలనే అరగంట ఆలస్యంగా బయలుదేరాను. ఆ రోజూ నా వెనకే ఉన్నాడు. ఎందుకని అడగొచ్చు కదా? ఇక గంట కొట్టుకొమ్మని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అనుమానాన్ని లోపలే పెంచుకున్నాను.

మదనపల్లెలో నా సెలెక్షన్లు ఇంకో పది రోజులున్నాయనగా, మోరీ ఇంకా చాలా దూరముండగానే, బాట మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయాను. పక్కకు జరగలేదు. కాలు పట్టేసిందని తర్వాత అందరికీ చెప్పాను. కాలికేమీ కాలేదు. ఆగితే ఏం చేస్తాడో చూద్దామని ఆగాను. ఏం చేస్తాడు పాపం? అంత బరువుకు బ్రేకు పట్టలేదు. హ్యాండిల్ గట్టు వైపు తిప్పాడు, మోపు నాకు తగిలింది, ఇద్దరమూ పడ్డాం. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. ఆయన నుదురు చిట్లి రక్తం కారుతోంది.

నా కేకకు అన్న పరిగెత్తుకొచ్చాడు. తోటల్లోంచి మరో నలుగురొచ్చారు.

"గంట యాల కొట్టలేదురా?" అన్నాడు అన్న.

మునెప్ప నా వైపు చూశాడు. "ఆ యమ్మే కొట్టొద్దనింది సామీ. ఎనకాలే రమ్మనింది."

అన్న నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పినావా?"

"లే. నేను యాల చెప్తాను?"

ఇదే ఆ అబద్ధం. అక్కడితో ఆగినా బాగుండేది. రోజూ నా వెనకాలే వస్తున్నాడని కూడా అన్నాను. అది నిజమే. నిజాన్ని కూడా అబద్ధం పనికే వాడుకున్నాను.

అన్న కొట్టాడు. మిగతావాళ్ళూ చేయి చేసుకున్నారు. ఆకంతా మట్టిలో తొక్కేశారు, చక్రం వంకర పోయేదాకా సైకిలును తన్నారు. మళ్ళీ ఈ బాటలో కనిపిస్తే కాళ్ళు విరగ్గొడతామన్నారు. మునెప్ప చేతులు జోడించి నిలబడ్డాడే గాని నన్ను బతిమాలలేదు. ఒక్కసారి మాత్రం చూశాడు, కోపంగా కాదు, నేను మరిచిపోయానేమో, ఇప్పుడైనా గుర్తొస్తుందేమో అన్నట్టు. నాకు అంతా గుర్తుంది. ఒప్పుకుంటే పరుగు బంద్, చదువు బంద్. ఆయన్ని కొట్టించి నా బతుకు కాపాడుకున్నాను.

సెలెక్షన్ వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. మునెప్ప కొన్నాళ్ళు లారీలు పోయే పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి ఆకు మోశాడని విన్నాను. ఆ తర్వాత ఆ పని మాని, వి.కోట వైపు కూలికి పోయాడన్నారు. దీనివల్లేనా? అడిగితే తెలిసేది. తెలుస్తుందనే అడగలేదు.

ఇన్నేళ్ళూ ఆ ఆలస్యమైన రోజును పట్టుకుని వేలాడాను. ఆ రోజు నా వెనక ఎందుకున్నాడు? నాకోసం కాచుకున్నాడేమో? నిజంగా అలాంటివాడే అయితే నాది తప్పెలా అవుతుంది? వంట చేస్తూ, బస్సులో కూర్చుని, పిల్లలకు విజిల్ ఊదుతూ ఇదే వాదన. ఆ రోజు ఆకు కోత ఆలస్యమై ఉండొచ్చు, సైకిలు పంచరై ఉండొచ్చు, కాచుకునే ఉండొచ్చు. ఏదైనా కానీ. అన్న నన్ను అడిగింది అది కాదు.

ఇప్పుడు నాకు అందరి మీదా అనుమానమే. పుంగనూరు నుంచి ఎవరు వచ్చినా సంగతి తెలిసే వచ్చారనిపిస్తుంది. గుడుపల్లె రోడ్డులో పిల్లల్ని పరిగెత్తించేటప్పుడు వెనక సైకిలు వస్తే తిరిగి ముఖం చూస్తాను. ఆగే ముందు పక్కకు జరగండని పిల్లలకు పదే పదే చెప్తాను. జరగకపోతే ఎవరికైనా దెబ్బ తగిలిందా మేడమ్ అని ఒక పిల్ల అడిగింది. లేదన్నాను.

అన్నకు మాత్రం ఆ రోజంటే గర్వం. మా ఇంటికొస్తే మా పిల్లల్ని కూర్చోబెట్టుకుని, మీ అమ్మ వెనక పడినవాణ్ణి ఎట్లా తన్నానో తెలుసా అని మొదలుపెడతాడు. పిల్లలు మామను మెచ్చుకుంటారు. నేను వంటింట్లోకి పోతాను. అన్నకు కూడా అనుమానముందేమో, నన్ను పరీక్షించడానికే చెప్తాడేమో అనిపిస్తుంది. తప్పులేని మనిషిని తన చేత కొట్టించానని తెలిస్తే అన్న ఏమవుతాడు?

మునెప్ప క్షమిస్తాడని ఇది రాయలేదు. ఆయన ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. చెప్పాను, అంతే. గుండెల్లో బరువు కొంచెం దిగినట్టుంది, అలా దిగినందుకు సిగ్గుగానూ ఉంది. ఈ ఆదివారం అన్న వస్తున్నాడు. ఆ కథ మళ్ళీ చెప్పించుకోవాలని పిల్లలు ఇప్పటినుంచే ఎదురుచూస్తున్నారు.